నగరచక్రం

ఉద్దేశం

మహమ్మారులు మనుషుల ఆరోగ్యాన్నే కాక నగరాల వ్యవస్థలోని లోపాలను కూడా బయటపెడతాయి. వాడి పారవేసే పద్ధతిని విడిచి, వాడినదానిని మళ్ళీ వినియోగంలోకి తెచ్చే పద్ధతిని అవలంబిస్తే నగరాలు ఏ విధంగా కోలుకోగలవో చారిత్రక, సమకాలిక ఉదాహరణలతో తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

2020వ సంవత్సరం మార్చి 25న మన దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. రైళ్ళు ఆగిపోయాయి. బడులు, గుడులు, సినిమా హాళ్ళు, కర్మాగారాలు మూతపడ్డాయి. నిత్యం జనసమ్మర్దంతో కిటకిటలాడే రహదారులు నిర్మానుష్యమయ్యాయి. ఆ నిశ్శబ్దంలో తెల్లవారేసరికి వీధిలో వినిపించిన చప్పుళ్ళు బహుకొద్ది. పాలవాని సైకిల్ గంట, అప్పుడప్పుడు అంబులెన్సు మోత, ఇంటింటి ముందు ఆగే చెత్తబండి పిలుపు. తక్కినవన్నీ ఆగిపోయినా ఆ బండి ఆగలేదు. అది ఒక్క వారం ఆగి ఉంటే కరోనా మహమ్మారికి మరికొన్ని వ్యాధులు తోడై ఉండేవి. నగరానికి ప్రాణావసరమైనవి ఏవో ఆ నాలుగు దినాల్లోనే తేటతెల్లమయింది. సాధారణ కాలంలో ముక్కు మూసుకొని తప్పించుకొని పోయే చెత్తబండి వాటిలో ఒకటి.

నగరం ఒక సజీవ దేహం వంటిది. అది ప్రతిదినం ధాన్యాన్ని, కూరగాయలను, నీటిని, ఇంధనాన్ని, వస్త్రాలను, ఇసుకను, ఇనుమును గ్రహిస్తుంది. గ్రహించిన దానిలో అధికభాగాన్ని చెత్తగా, మురుగుగా, పొగగా విసర్జిస్తుంది. వస్తువు గనిలోనో పొలంలోనో పుట్టి, కర్మాగారంలో రూపుదిద్దుకొని, ఇంటికి చేరి, చివరకు చెత్తకుప్పలో అంతమయ్యే ఈ ప్రయాణాన్ని ఏకముఖ విధానం అనవచ్చు. ఇందులో ముందుకు పోవడమే తప్ప వెనుకకు రావడం లేదు. దీనికి భిన్నమైనది చక్రీయ ఆర్థిక విధానం. వస్తువును మన్నికగా తయారుచేయడం, పాడైతే బాగుచేసుకోవడం, ఒకరికి అక్కరలేనిది మరొకరికి అందించడం, ఇక పనికిరాదనుకున్నదానిని కరిగించో కుళ్ళబెట్టో మరొకదానికి ముడిసరుకుగా మార్చడం దీని మూలసూత్రాలు. ప్రకృతిలో రాలిన ఆకు ఎరువై మళ్ళీ చిగురుగా వచ్చినట్లే, నగరంలోని ప్రతి పదార్థమూ తిరిగి వినియోగంలోకి రావాలన్నది ఈ విధానం ఆశయం.

ఈ మాట కొత్తదే కాని, ఆచరణ మనకు కొత్తది కాదు. బియ్యం కడిగిన నీరు కుడితిగా పశువులకు చేరేది. పశువుల పేడ పిడకలయ్యేది, పొయ్యిలోని బూడిద అంట్లు తోమడానికి ఉపయోగపడేది. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. పెరటిలోని పెంటకుప్ప వేసవిలో పొలానికి తరలేది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవారు, పాత ఇనుప సామాను కొంటామంటూ కేకవేసే బండివారు ఈనాటికీ మన వీధులలో కనిపిస్తారు. పల్లెలో ఈ చక్రం చిన్నది కనుక దాని తిరుగుడు కంటికి కనబడేది. నగరం పెరిగేకొద్దీ ఇంటికీ పొలానికీ మధ్య దూరం పెరిగింది. ఆ దూరంలోనే చక్రం తెగింది. తెగిన చోట చెత్త గుట్టగా పేరుకున్నది.

పందొమ్మిదవ శతాబ్దంలో లండన్ మహానగరానికి ఎదురైన అనుభవం ఇక్కడ గమనింపదగినది. ఆ నగరాన్ని 1832, 1849, 1854 సంవత్సరాలలో కలరా పీడించింది. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ మరణాలు ఎక్కువగా ఉన్నాయని గుర్తించి, వ్యాధి నీటి ద్వారా వ్యాపిస్తున్నదని నిరూపించాడు. 1858 వేసవిలో థేమ్స్ నది దుర్గంధానికి పార్లమెంటు సభ్యులే తాళలేకపోయారు. ఆ తరువాత జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో నగరం కింద విశాలమైన మురుగు కాలువల నిర్మాణం సాగింది. అది అసంఖ్యాకుల ప్రాణాలు కాపాడిన మహత్తర కార్యం. అందులో సందేహం లేదు. కాని దానికొక మరుగుపడిన పార్శ్వమూ ఉన్నది. అంతకు పూర్వం లండన్ ఇళ్ళలోని మలాన్ని కొందరు సేకరించి చుట్టుపక్కల రైతులకు ఎరువుగా అమ్మేవారు. ఆ వ్యాపారం అంతరించింది. పొలాలకు చేరవలసిన సారం నదిలో కలిసి సముద్రం పాలయింది. ఇంగ్లండు రైతులు ఎక్కడో దక్షిణ అమెరికాలోని పెరూ తీరం నుండి ఓడలలో వచ్చిన పక్షిరెట్ట ఎరువును కొన్న కాలం కూడా అదే. లండన్ రోగాన్ని జయించింది, కాని చక్రాన్ని తెంచుకున్నది. ప్రపంచంలోని అనేక నగరాలు ఆ మార్గాన్నే అనుసరించాయి. దూరంగా పారవేయడం వేరు, లేకుండా చేయడం వేరు. ఈ తారతమ్యాన్ని గ్రహించడానికి మానవజాతికి మరొక నూరేళ్ళు పైగా పట్టింది.

మన దేశంలో ఇటువంటి పరీక్షను ఎదుర్కొన్న నగరం సూరత్. గుజరాత్‌లో తపతీ తీరాన ఉన్న ఈ నగరం వస్త్ర పరిశ్రమకు, వజ్రాల సానకు ప్రసిద్ధి. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికై వలస వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. 1994 వర్షాకాలంలో తపతికి వరదలు వచ్చి పల్లపు ప్రాంతాలు మునిగాయి. నీరు తీసిన తరువాత బురద, చెత్త, పశువుల కళేబరాలు వీధులలో మిగిలిపోయాయి. సెప్టెంబరులో ప్లేగు బయటపడింది. రోగభయంతో కొద్ది దినాలలోనే లక్షలాది మంది దొరికిన రైలెక్కి, బస్సెక్కి ఊరు విడిచారు. మరమగ్గాలు ఆగాయి. సాన యంత్రాలు మూగపోయాయి. విదేశాలు భారతదేశానికి విమానాలను నిలిపివేశాయి, సరుకులను తిరస్కరించాయి. ఒక నగరం తన చెత్తను నిర్లక్ష్యం చేసినందుకు దేశమంతా మూల్యం చెల్లించింది.

1995 మే నెలలో ఎస్.ఆర్. రావు సూరత్ నగరపాలక కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించారు. ఆయన కొత్త చట్టాలేవీ తీసుకురాలేదు, ఉన్నవాటినే అమలుచేశారు. నగరాన్ని మండలాలుగా విభజించి, ప్రతి మండలానికి ఒక అధికారిని బాధ్యునిగా చేసి, నిర్ణయాధికారాన్ని కూడా ఆ అధికారికే అప్పగించారు. అధికారులందరూ ఉదయం వేళ చల్లని గదులను విడిచి వీధులలో తిరిగి తీరాలన్నారు. ప్రధాన రహదారులను రాత్రివేళ ఊడ్పించే ఏర్పాటు చేశారు. అశుభ్రంగా ఉన్న హోటళ్ళను మూయించారు. అక్రమ కట్టడాల కూల్చివేతను పలుకుబడి గలవారితోనే ఆరంభించారు. ఫలితంగా 1996లో ఇంటాక్ అనే సంస్థ సూరత్‌ను దేశంలో చండీగఢ్ తరువాత రెండవ పరిశుభ్ర నగరంగా గుర్తించింది. ప్లేగు నగరమని పేరుపడిన ఊరు కొద్దికాలంలోనే ఆ మచ్చను తుడుచుకున్నది.

అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. వీధి శుభ్రపడినంత మాత్రాన చెత్త, మురుగు మాయం కావు, మరొక చోటికి తరలుతాయి. సూరత్ గొప్పతనం అక్కడితో ఆగకపోవడంలో ఉన్నది. వస్త్రాలకు రంగులద్దే పరిశ్రమలకు నీరు అపారంగా కావాలి. అదే నగరంలో ఇళ్ళ నుండి వచ్చే మురుగునీరు అపారంగా ఉన్నది. ఈ రెంటినీ కలపడమే పరిష్కారమని నగరపాలక సంస్థ గుర్తించింది. 2014లో బమ్రోలీ వద్ద రోజుకు నాలుగు కోట్ల లీటర్ల మురుగునీటిని పరిశ్రమల వాడకానికి తగినట్లు శుద్ధిచేసే కేంద్రం ప్రారంభమయింది. మురుగులోని మడ్డిని తేర్చి, సూక్ష్మజీవులచేత మాలిన్యాన్ని తినిపించి, ఆపైన ఇసుక వడపోతతోను, అతి సన్నని పొరల వడపోతతోను తేటపరచిన ఆ నీటిని పాండెసరా పారిశ్రామికవాడలోని మిల్లులకు అమ్మసాగారు. దీనివల్ల మూడు లాభాలు చేకూరాయి. మిల్లులకు కరువులో సైతం నీటి హామీ కలిగింది. ప్రజల తాగునీటిపై పరిశ్రమల ఒత్తిడి తగ్గింది. నగరపాలక సంస్థకు మురుగే ఆదాయ వనరయింది. ప్లేగు నాటి నగరం మురుగును చూచి పారిపోయింది, రెండు దశాబ్దాల తరువాత అదే నగరం మురుగును అమ్ముకున్నది. కోలుకోవడమంటే పూర్వస్థితికి చేరడం కాదని, పూర్వస్థితిలోని లోపాన్ని దాటిపోవడమని సూరత్ చరిత్ర బోధిస్తున్నది.

2020 నాటి కరోనా మహమ్మారి మరొక బలహీనతను బయటపెట్టింది. ఎక్కడో ఒక దేశంలో కర్మాగారం మూతపడితే ఇక్కడ ఆసుపత్రిలో మాస్కులు కరువయ్యాయి. ఓడలు కదలకపోతే యంత్రాల విడిభాగాలు దొరకలేదు. ప్రతి వస్తువునూ దూరం నుండి కొత్తగా తెచ్చుకోవడానికి అలవాటుపడిన నగరం, దారి మూసుకుపోగానే నిస్సహాయమయింది. ఆ విపత్తు నడుమనే, 2020 ఏప్రిల్‌లో, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఒక సాహసోపేతమైన ప్రణాళికను ప్రకటించింది. కొత్త ముడిసరుకుల వాడకాన్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని, 2050 నాటికి పూర్తిగా చక్రీయ నగరంగా మారాలని సంకల్పించింది. ఆహారం, గృహోపకరణాలు, కట్టడాలు అనే మూడు రంగాలపై దృష్టి నిలిపింది. ఈ సంకల్పం కాగితాలకే పరిమితం కాలేదనడానికి ఒక చిన్న నిదర్శనం ఉన్నది. బడులు మూతపడి చదువులు, పనులు కంప్యూటర్ తెరల మీదికి మారినప్పుడు, అక్కడి పేద కుటుంబాలలో అనేకులకు కంప్యూటర్లు లేవు. నగర యంత్రాంగం కొత్తవాటిని కొని పంచలేదు. ప్రజల ఇళ్ళలో మూలపడిన పాత ల్యాప్‌టాప్‌లను సేకరించి, మరమ్మతు చేయించి, 3,500 ల్యాప్‌టాప్‌లను అవసరమైనవారికి అందించింది. దానివల్ల ఖర్చు తగ్గింది, ఎలక్ట్రానిక్ చెత్త తగ్గింది, బాగుచేసేవారికి పని దొరికింది. అన్నింటికంటె ముఖ్యంగా లేనివారికి కంప్యూటర్ చేతికందింది. అదే కాలంలో ఫోను లేక పాఠాలకు దూరమైన విద్యార్థులు మన ఊళ్ళలో ఎందరున్నారో తలచుకుంటే, ఈ చిన్న కార్యం విలువ మనకు బోధపడుతుంది.

మన హైదరాబాదులోనూ ఇందుకు తగిన ఉదాహరణ ఉన్నది. సికింద్రాబాదు సమీపంలోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో ప్రతిదినం అమ్ముడుపోని టమాటాలు, వంకాయలు, ఆకుకూరలు కుప్పలుగా మిగిలిపోయేవి. వాటిని లారీలకెత్తి చెత్త దిబ్బలకు తరలించడం పూర్వపు పద్ధతి. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పరిజ్ఞానంతో అక్కడ ఒక జీవవాయు కేంద్రాన్ని నెలకొల్పారు. గాలి చొరబడని తొట్టిలో సూక్ష్మజీవులు ఆ వ్యర్థాన్ని కుళ్ళబెట్టినప్పుడు వెలువడే మీథేన్ వాయువును ఇంధనంగా వాడడం ఇందలి కిటుకు. పల్లెలలోని గోబర్ గ్యాస్‌కు ఇది పెద్దన్న వంటిది. 2021 నాటి లెక్క ప్రకారం రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంటగ్యాసు లభించేవి. ఆ విద్యుత్తుతో మార్కెట్టులో దీపాలు వెలిగాయి, ఆ గ్యాసుతో క్యాంటీనులో వంట జరిగింది. 2021 జనవరి 31న ఆకాశవాణిలో ప్రసారమైన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధానమంత్రి ఈ మార్కెట్టును ప్రస్తావించారు. లారీ ఎక్కి ఊరి చివర దిబ్బపై కుళ్ళవలసిన వంకాయ, పుట్టిన చోటనే వెలుగయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అత్యవసరం. అన్నీ తిరిగి రావాలన్న ఉత్సాహంతో, తిరిగి రాకూడనివి కూడా ఉన్నాయని మరువరాదు. రోగి వాడిన సూది, కట్టు, తొడుగు మళ్ళీ మనుషుల చేతికి రావడం ప్రమాదకరం. అందుచేతనే కరోనా కాలంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, రోగులున్న ఇళ్ళ నుండి వచ్చే అటువంటి వ్యర్థాలను పసుపుపచ్చ సంచులలో వేరుగా సేకరించాలని నిర్దేశించింది. ఆరోగ్యవంతులు వాడిన మాస్కులను సైతం 72 గంటలు కాగితపు సంచిలో ఉంచి, తిరిగి వాడడానికి వీలులేకుండా కత్తిరించి పారవేయాలన్నది. కనుక చక్రీయ విధానానికి ప్రాణం వేరుచేయడంలోనే ఉన్నది. తడిపొడులు ఇంటివద్దనే వేరైతే తడి ఎరువవుతుంది, పొడి ముడిసరుకవుతుంది, రోగకారకం దహనమవుతుంది. మూడూ ఒకే బుట్టలో పడితే మూడూ విషమే. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమావళి కూడా చెత్తను ఇంటివద్దనే వేరుచేయాలని చెప్పింది.

ఇంతవరకు పదార్థాలను గూర్చి చెప్పుకున్నాం. ఈ చక్రాన్ని తిప్పే మనుషులను గూర్చి చెప్పకపోతే ఈ పాఠం అసంపూర్ణం. మన నగరాలలో ప్లాస్టిక్, కాగితం, ఇనుము, గాజు తిరిగి కర్మాగారాలకు చేరుతున్నవంటే అది ప్రధానంగా చెత్త ఏరుకొని జీవించే పేదల శ్రమవల్లనే. వారిలో స్త్రీలు అధికం. వారికి జీతం లేదు, సెలవు లేదు, రోగం వస్తే ఆదుకునే దిక్కు లేదు. 2020 మార్చి 22న సాయంకాలం మనం వాకిళ్ళలో నిలబడి వైద్యులకు, సేవకులకు చప్పట్లు కొట్టాం. మరునాటి ఉదయం మాస్కులు, సూదులు కలగలిసిన చెత్తను ఒట్టి చేతులతో ఏరినవారు ఆ చప్పట్లలో ఎంతవరకు గుర్తుకు వచ్చారో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. చెత్తను చూడని నగరం, చెత్తనెత్తే చేతులను కూడా చూడదు.

పూనా నగరంలో ఈ స్థితిని మార్చడానికి ఒక ప్రయత్నం జరిగింది. 1993లో అక్కడి చెత్త ఏరుకొనేవారు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘం కృషివల్ల ‘స్వచ్ఛ్’ అనే కార్మికుల సహకార సంస్థ రూపొంది, నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకొని 2008 నుండి ఇంటింటి చెత్త సేకరణ చేపట్టింది. ప్రతి ఇంటివారు నెలకు కొంత రుసుము చెల్లిస్తారు, పొడిచెత్తను అమ్ముకునే హక్కు కార్మికులదే. గుర్తింపు కార్డు మెడలో వేసుకొని తలుపు తట్టే మనిషికి, చెత్తకుండీలో దేవులాడే మనిషికి మధ్య ఉన్న దూరం కేవలం ఆదాయానిది కాదు, గౌరవానిది. మహమ్మారి తరువాత నగరాలు యంత్రాలను కొనవచ్చు, కేంద్రాలను కట్టవచ్చు. ఈ మనుషులకు తొడుగులు, వైద్యం, నిలకడైన ఆదాయం కల్పించనిదే ఆ చక్రం కుంటుతూనే ఉంటుంది.

చక్రీయ విధానం మహమ్మారిని నిలువరించే మందు కాదు. టీకా పని టీకాది, వైద్యం పని వైద్యానిది. కాని రోగం తగ్గిన తరువాత నగరం మళ్ళీ లేచి నిలబడడానికి కావలసినవి ఉపాధి, పరిశుభ్రత, అందుబాటులో వనరులు. మరమ్మతు, పునర్వినియోగం, ఎరువు తయారీ, నీటిశుద్ధి ఈ మూడింటినీ ఒకేసారి అందించగల పనులు. అవి మనుషుల చేతులకు పని కల్పిస్తాయి, ఊరిలోనే జరుగుతాయి, దారులు మూసుకుపోయినా ఆగిపోవు. మహోపద్రవం వచ్చినప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటె, రోజువారీ జీవితంలోనే ఈ అలవాట్లను పాదుకొల్పుకోవడం వివేకం.

ఈ పనికి విద్యార్థి చేయగలది ఏమున్నది అనిపించవచ్చు. కళాశాల వసతిగృహంలో ఒక పూట మిగిలిన అన్నం ఎంతో తూచి చూడడం, అది ఎక్కడికి పోతున్నదో వెంబడించి తెలుసుకోవడం తొలి అడుగు. ఇంట్లో రెండు బుట్టలు పెట్టడం రెండవది. ఉదయం వచ్చే చెత్తబండి మనిషి పేరు అడిగి తెలుసుకోవడం మూడవది. ఈ మూడింటిలో దేనికీ ధనం అక్కరలేదు. నగరచక్రం ఎక్కడో నగరపాలక కార్యాలయంలో తిరగడం మొదలుపెట్టదు, మన వాకిట్లో మొదలవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

జనసమ్మర్దం : జనుల రద్దీ
నిర్మానుష్యం : మనుషులు లేనిది
విసర్జించు : విడిచిపెట్టు
అసంఖ్యాకులు : లెక్కలేనంతమంది
పార్శ్వం : పక్క, వైపు
కళేబరం : ప్రాణం లేని శరీరం
తారతమ్యం : భేదం
పాదుకొల్పు : నెలకొల్పు, స్థిరపరచు

అభ్యాసం

అ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ప్లేగు తరువాత సూరత్ నగరం కోలుకున్న తీరును వివరించండి.
2. ఏకముఖ విధానానికి, చక్రీయ ఆర్థిక విధానానికి గల భేదాన్ని పాఠ్యభాగం ఆధారంగా నిరూపించండి.

ఆ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. దూరంగా పారవేయడం వేరు, లేకుండా చేయడం వేరు.
2. చెత్తను చూడని నగరం, చెత్తనెత్తే చేతులను కూడా చూడదు.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన వైద్యుడెవరు?
2. బమ్రోలీ కేంద్రంలో శుద్ధిచేసిన నీటిని ఎవరికి అమ్మారు?
3. బోయినపల్లి మార్కెట్టులోని జీవవాయు కేంద్రానికి పరిజ్ఞానాన్ని అందించిన సంస్థ ఏది?

ఈ) సంధులు
మహోపద్రవం = మహా + ఉపద్రవం : గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశసంధి
ఏమున్నది = ఏమి + ఉన్నది : ఇత్వసంధి

ఉ) సమాసాలు
రోగభయం : రోగం వల్ల భయం : పంచమీ తత్పురుష సమాసం
మహానగరం : గొప్పదైన నగరం : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
తడిపొడులు : తడియును, పొడియును : ద్వంద్వ సమాసం
నాలుగు దినాలు : నాలుగు సంఖ్య గల దినాలు : ద్విగు సమాసం